సిస్టరు గారి నిద్ర

సిస్టరు గారి పెద్దకర్మ భోజనాల్లో గోంగూర పచ్చడిలో వెల్లుల్లి వేశారు. పోపులో ఎర్రగా వేయించి, ఆకులో పడగానే ముక్కుకి తగిలేంత వేశారు. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి "పచ్చడి అదిరిందండీ" అంటూ మారు అడిగాడు. నేను పచ్చడిని ఆకు చివరికి నెట్టేశాను. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ గడప లోపలికి వెల్లుల్లి రానివ్వలేదు. వంటవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఇంటాయనకి తెలియదా? పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ చేతి వంటే కదా తిన్నాడు! అడిగితే ఏమంటాడో కూడా నాకు తెలుసు. "నలుగురూ తినేది కదా మాస్టారూ" అంటాడు. ఆయనకి జీవితమంతా ఆ నలుగురితోనే సరిపోయింది.

ఆవిడని ఊళ్లో పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పాలవాడి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ సిస్టరు గారే. పర్చూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఉన్న చిన్న టౌను అది. ఊరి పేరు చెబితే ఇల్లు చూపించినట్టే కాబట్టి చెప్పను. తొంభైల్లో నాకు అక్కడి జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చి, నేనూ మా ఆవిడా వాళ్ల ముందు పోర్షన్‌లో అద్దెకి దిగాం. ఒంగోలు బదిలీ అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాం. ఆ ఇల్లు ఎలా పెరిగిందో, ఆవిడ ఎలా తరిగిందో రెండూ దగ్గరుండి చూశాం.

పొట్టి మనిషి. గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. డ్యూటీ నుంచి రాగానే ఎవరితోనూ మాట్లాడేది కాదు. పెరట్లో కుళాయి దగ్గర నిలబడి మోచేతుల దాకా సబ్బు రుద్దుకునేది. కడుక్కుని వేళ్లు వాసన చూసుకునేది. మొహం చిట్లించి మళ్లీ రుద్దేది. ఆ తతంగం అయ్యాకే "ఏం కూరమ్మాయ్ ఇవాళ?" అని మా వంటింటి కిటికీ వైపు తిరిగేది.

కొత్తగా దిగిన ఏడాది మా ఆవిడ ఆవకాయ పెట్టి ఓ గిన్నెడు తీసుకెళ్లి ఇచ్చింది. గుమ్మంలోనే ఆపేశారు సిస్టరు గారు. "ఏమనుకోకు అమ్మాయ్. నీ చేతికి వంక లేదు. వెల్లుల్లి వాసన నాకు వార్డులో చాలు" అని గిన్నె వెనక్కిచ్చింది. ఆసుపత్రిలో వెల్లుల్లి ఎందుకుంటుందో మాకు అర్థం కాలేదు. ఏదో మొక్కు అనుకున్నాం. వీధిలో వాళ్లూ మొక్కే అనుకునేవాళ్లు.

పత్తి పోయిన ఏడు అర్థమైంది. వానలు వేళ కాని వేళ దంచాయి. కాయ కుళ్లింది. కుళ్లకుండా మిగిలిన కాయకి పురుగు పట్టింది. రైతులు తెచ్చిన మందల్లా కొట్టారు, పురుగు చావలేదు. పురుగు మీద పనిచెయ్యని ఆ మందు మనుషుల మీద మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. ట్రాక్టర్లలో, ఆటోల్లో, మంచాల మీద వేసుకుని మందు తాగినవాళ్లని తెచ్చేవాళ్లు. ఆ మందుల్లో కొన్నిటికి అచ్చం వెల్లుల్లి వాసన. నోట్లోంచి, బట్టల్లోంచి, వాళ్లు కక్కిన దాంట్లోంచి అదే వాసన. గొట్టం వేసి కడుపు కడిగే పని సిస్టరు గారిది.

మా కాలేజీలో అటెండరు అన్న అలాగే వస్తే తోడుగా వెళ్లాను. ఆవిడ పని చూడటం అదొక్కసారే. పళ్లు బిగబట్టి గొట్టం పోనివ్వడం లేదు అతను. ఆవిడ వంగి, మొహంలో మొహం పెట్టి అరిచింది.

"ఒరేయ్, నీ పెళ్లాం బయట నేలమీద కూర్చుని ఏడుస్తోంది. ఉంటావా, పోతావా? పోయేట్టయితే చెప్పు, మంచం కావాల్సిన వాళ్లు వరండాలో ఉన్నారు. ఉండేట్టయితే ఇది మింగు."

మింగాడు. బతికాడు కూడా. నేను పొంగిపోయి ఇంటికొచ్చాక ఆవిడతో ఆ మాటే అంటే, "ఉంటామని మింగినవాళ్లూ చాలామంది పోయారు మాస్టారూ" అంది. చేతులు రుద్దుకోవడం ఆపకుండానే అంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని మొదటిసారి ఆ సంగతి చెప్పింది. ఇరవయ్యేళ్ల సర్వీసు నిండితే స్వచ్ఛందంగా రిటైరవ్వచ్చట. పెన్షన్ వస్తుందట. ఆవిడకి నిండాయట.

"వాలంటరీ పెట్టేస్తాను. ఇంక నావల్ల కాదు."

"రిటైరై ఏం చేస్తారండీ?" అని అడిగింది మా ఆవిడ.

"పడుకుంటా."

మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఎప్పుడో చిన్న వయసులో కొత్తపట్నం క్యాంపుకి పంపారట. పిల్లలకి మందులు వేసి, రాత్రికి సముద్రం ఒడ్డున బడి వరండాలో పడుకున్నారట. మొహం మీద ఎండ పడేదాకా మెలకువ రాలేదట. "గాలి తప్ప ఏ వాసనా లేదమ్మాయ్. చేపల వాసన ఉంటే ఉండొచ్చు, నాకు తెలియలేదు. అంత నిద్ర మళ్లీ ఎరగను. కాయితం పెట్టేసి, అక్కడ ఓ గది అద్దెకి తీసుకుని, నెల్లాళ్లు పడుకుని లేస్తా. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత" అంది. అంతే ఆవిడ కోరిక. బంగారం కాదు, కాశీ కాదు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ రాత్రి డ్యూటీలు చేసిన మనిషి అడిగింది ఓ నెల నిద్ర. అదీ దక్కలేదు. ఎందుకు దక్కలేదో చెప్పాలంటే ఆ ఇంటి గురించి చెప్పాలి.

మిరపకీ పత్తికీ నల్లరేగడిని మించిన నేల లేదు. ఇల్లు కట్టడానికి దానంత దిక్కుమాలిన నేలా లేదు. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది. పైన కూర్చున్న గోడ దానితోపాటే లేచి, దానితోపాటే దిగి, చివరికి బీట వారుతుంది. ఇది ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతి. అందుకే పాతవాళ్లు అడుగున గట్టి సుద్దనేల తగిలేదాకా తవ్వి పునాది వేసేవాళ్లు. లేదంటే పునాది చుట్టూ కందకం తీసి ఇసుక కూరేవాళ్లు. నేల ఎంత కదిలినా ఆ కదలిక ఇసుకలోనే ఆగిపోయేది. సిస్టరు గారి ఇంటికి రెండూ చెయ్యలేదు. పునాది తవ్వితే వచ్చిన రేగడిమట్టినే మళ్లీ బేస్‌మట్టంలో పోసి, ఆదా అయిన డబ్బుతో వరండాకి గుండ్రటి స్తంభాలు పెట్టించాడు ఇంటాయన.

ఆయన్ని దుర్మార్గుడనుకుంటారేమో, కాదు. నాకు మండేది అందుకే. మెత్తటి మనిషి. తాగడు, పేకాడడు, పెళ్లాం మీద గొంతు లేపడు. ఇంటికొచ్చిన మేస్త్రికి కూడా "టీ తాగావా నాయనా" అంటాడు. రైతు ఇంట పుట్టి, పత్తి కొనిపించే దళారీగా తిరిగి, పంట పోయిన ఏడు ఆ వ్యాపారమూ పోతే ఇంటిపట్టున ఉండిపోయాడు. అప్పట్నుంచి ఇల్లే ఆయన వ్యాపారం. బీటలు ఎందుకొస్తున్నాయో ఆయనకి తెలియక కాదు. ఇసుక సంగతి నాకు చెప్పిందే ఆయన. "మరి పోయించరేమండీ?" అన్నాను.

"నేలలో పోసిన డబ్బు ఎవరి కంట పడుతుంది మాస్టారూ? ఇంత ఖర్చు పెట్టి చుట్టూ గొయ్యి తవ్వించాడంట అని నవ్వరూ? అదే డబ్బు పైన పెడితే ఓ గది లేస్తుంది."

పిల్లలు లేరు వాళ్లకి. కింద మా పోర్షన్ పోను మూడు గదులుండేవి. ఇద్దరికి అవి చాలవా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పైన పోర్షన్ వేస్తే అద్దె వస్తుంది, ఆవిడ పెన్షన్‌కి తోడవుతుంది, ముసలితనంలో ఎవరి మొహమూ చూడక్కర్లేదు. "నీ కోసమేగా" అనేవాడు ఆవిడతో. "ఒక్కసారి చేయించేస్తే మళ్లీ చెయ్యి పెట్టే పనుండదు" అనేవాడు మాతో. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ రెండు మాటలూ వింటూనే ఉన్నాం.

బీటలు చూసుకునే పద్ధతి ఆవిడది ఆవిడకుంది. గోడ విచ్చుకున్న చోట, బీటకి అడ్డంగా, గాయాలకి అంటించే తెల్ల ప్లాస్టరు ముక్క అంటించేది. బొటనవేలితో అటూ ఇటూ నొక్కేది. కొన్నాళ్లకి ముక్క అలాగే ఉంటే బీట నిలిచినట్టు, తెగితే పెరిగినట్టు. హాల్లో, వంటింట్లో, దేవుడి గది పక్కన అన్నిచోట్లా తెల్ల ముక్కలే. చుట్టాలొస్తున్నారంటే ఇంటాయన పీకేసేవాడు. వాళ్లు వెళ్లగానే ఆవిడ మళ్లీ అంటించేది. "అదేం అలంకారమే" అని ఆయన విసుక్కుంటే, "పేషెంటుకి కట్టు విప్పి ఊరేగిస్తారా ఎవరైనా?" అనేది.

ఎండలు ముదిరాక ఇంకో పని. బట్టలుతికిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్లలో దాచి, సాయంత్రం డ్యూటీకి బయల్దేరేముందు గోడ వారనే ఇంటి చుట్టూ పోసేది. అడుగున నేల ఎండి విచ్చుకోకుండా ఉండాలని. ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా పడితే ఇంకా ముప్పని, చెంబుతో కొంచెం కొంచెంగా, వంగి నడుస్తూ పోసేది. తెల్ల చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆవిడ అలా తిరుగుతుంటే ఎదురింటావిడ మా ఆవిడతో, "మాకు తాగడానికి లేవు, ఈవిడ గోడలకి పోస్తోంది" అని దెప్పేది. కందకంలో ఇసుక చేయాల్సిన పని ఆవిడ చెంబుతో చేసింది. ఏటా చేసింది.

పై పోర్షన్ మొదలుపెట్టిన రోజుల్లో సిమెంటు ధర పెరిగింది. ఇనుము ధరా పెరిగింది. ఇంటాయన పొద్దున్నే పేపరు చేతిలో పట్టుకుని, "దాచేపల్లి దగ్గర రాయి కొండలకొద్దీ ఉందంటారు, సిమెంటు అక్కడే చేస్తారంటారు, మన జిల్లా సరుకు మనకే ఈ ధరేంటి మాస్టారూ?" అని నాతో వాదించేవాడు, నేనేదో సిమెంటు అమ్ముతున్నట్టు. ధర పెరిగినప్పుడల్లా పని ఆగేది. పని ఆగినప్పుడల్లా ఆవిడ రిటైర్మెంటు వాయిదా పడేది. "ఈ శ్లాబు అయిపోనీ మాస్టారూ, కాయితం పెట్టేస్తా" అనేది. తర్వాత "ఈ గచ్చులు అయిపోనీ" అంది. ఆ తర్వాత "ఈ మెట్లు".

అసలు వింత ఇప్పుడు చెబుతాను. రాత్రి డ్యూటీ చేసి ఆవిడ ఇంటికొచ్చే వేళకే మేస్త్రీలు పనిలోకి దిగేవాళ్లు. సుత్తి దెబ్బలు, ఇసుక జల్లెడ, నెత్తి మీద కంకర పోసే చప్పుడు. పైన కడుతున్నది వాళ్ల గదుల మీదే కాబట్టి ఆవిడ గదిలో పడుకునే వీల్లేదు. నాలుగైదు రోజులు చూసి ఒక పొద్దున మా గుమ్మంలో నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మాయ్, ఒక గంట మీ వెనక గదిలో నడుం వాల్చనా?"

మా ఆవిడ కంగారుగా మంచం మీద దుప్పటి మార్చబోయింది. "మంచం వద్దమ్మా, ఒళ్లంతా ఆసుపత్రే. చాప చాలు" అని, ఈత చాప పరుచుకుని, చెయ్యి తలకింద పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. పడుకోగానే నిద్ర పట్టేసింది. ఆ రోజు నుంచి పని నడిచినన్నాళ్లూ అదే వాడుక. నేను కాలేజీకి వెళ్తూ చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చి తొడుక్కునేవాణ్ణి. మా ఆవిడ కుక్కర్ పెట్టడం మానేసి గిన్నెలో వార్చేది. ఇల్లు ఆవిడది. దానికి అద్దె కట్టేది మేం. ఆవిడ నిద్రపోవాలంటే మా గది కావాలి. ఆవిడ విశ్రాంతి కోసమని ఆవిడ డబ్బుతో కడుతున్న ఇంట్లో ఆవిడకి కన్ను మూసే చోటు లేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒకసారి ఇంటాయన మా గుమ్మం దగ్గరికొచ్చి, "ఇదిగో, లే, మేస్త్రి అడుగుతున్నాడు, కిటికీ ఇటు పెట్టాలా అటా" అని పిలిచాడు. మా ఆవిడ అడ్డంగా నిలబడింది. "ఎటో పెట్టించండి బాబాయి గారూ. ఆవిడ ఇప్పుడే పడుకున్నారు." ఆయన ఏ మాత్రం నొచ్చుకోకుండా, "అలాగేనమ్మా, ఆవిడ కోసమే కదా అని అడిగాను" అని వెళ్లిపోయాడు.

పై పోర్షన్ పూర్తయింది. ఆవిడ నా చేత దరఖాస్తు ఇంగ్లీషులో రాయించుకుంది. వారం రోజులు సంబరంగా తిరిగింది. కొత్త వంటింటి గట్టు నల్లరాయిని అరచేత్తో రాస్తూ, "బాగుంది కదమ్మాయ్" అని మా ఆవిడతో అనడం నేను విన్నాను. అది ఆవిడకి నచ్చలేదని చెబితే అబద్ధమవుతుంది. నచ్చింది. ఇంక అయిపోయిందనుకుంది కాబట్టి నచ్చింది.

అంతలో తూర్పువైపు ఇంటివాళ్లు తమ డాబా మీద ఇంకో అంతస్తు లేపారు. తూర్పున ఎత్తు పెరిగితే మనకి దోషమని వాస్తు సిద్ధాంతి చెప్పాడు. ఇంటి యజమానురాలి ఆరోగ్యానికి మంచిది కాదన్నాడట. విరుగుడుగా నైరుతి మూల బరువు పెంచాలన్నాడు. నైరుతి మూల గది ఆవిడ పడగ్గది. దాని నెత్తిన, మేడ పైన, ఇంకో గదీ, ఆ గది మీద పెద్ద నీళ్ల ట్యాంకూ. దీనికి ఆవిడ జీతం మీద ఇంటి లోను తీశారు. లోను తీరకుండా ఉద్యోగం మానేస్తే బాకీ అంతా రిటైరైతే వచ్చే డబ్బుల్లోంచి ఒక్కసారే కోసుకుంటారు. దరఖాస్తు బీరువాలోకి వెళ్లింది.

ట్యాంకులో నీళ్లు నింపిన ఏడాదే ఆవిడ మంచం పైన గోడ శ్లాబు దగ్గర్నుంచి కిటికీ దాకా విచ్చుకుంది. స్టూలెక్కి తెల్ల ముక్క అంటించింది ఆవిడ. ఈసారి పొడుగ్గా చించి అంటించింది. స్టూలు పట్టుకోడానికి పిలిస్తే నేనే వెళ్లాను. దిగుతూ, "నాకేమవుతుందోనని చేయించారు మాస్టారూ. మంచివాడే పాపం" అంది. ఎగతాళిగా అందో, నిజంగా అందో నాకు తెలియలేదు. పై పోర్షన్‌లో మాత్రం ఎవరూ నాలుగు నెలలకి మించి ఉండలేదు. బీటలు చూసి వెళ్లిపోయేవాళ్లు. వచ్చిన అద్దె రంగులకీ మరమ్మతులకీ చాలేది కాదు.

మేం ఒంగోలు వచ్చేశాక ఆవిడని ఒక్కసారే చూశాను. ఏదో ఆఫీసు పని మీద వచ్చి, అది తొందరగా తెమిలిపోయి, మధ్యాహ్నానికి మా ఇంటికొచ్చింది. హెడ్ నర్సు అయింది. మనుషులు చాలక రాత్రి డ్యూటీలు మాత్రం తప్పలేదు. జుట్టు నెరిసింది, కాళ్లు వాచి ఉన్నాయి. మా ఆవిడ ఆ రోజు వెల్లుల్లి లేకుండా వండింది. తిన్నాక సిస్టరు గారు అడగకుండానే మా ఆవిడ పాత చాప తెచ్చి పరిచింది. ఆవిడ చాప చూసి నవ్వి, గోడవైపు తిరిగి పడుకుంది.

లేచాక కాఫీ ఇస్తూ మా ఆవిడ అంది. "పిన్నిగారూ, కొత్తపట్నం ఇక్కడే. బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. పదండి, చీకటి పడేలోపు సముద్రం చూసొద్దాం. రాత్రికి ఇక్కడే ఉండండి."

ఆవిడ మొహం ఒక్కసారి విచ్చుకుంది. కాఫీ గ్లాసు కింద పెట్టి చెప్పుల వైపు చూసింది కూడా. నేను చొక్కా తొడుక్కోడానికి లేచాను. అంతలో గడియారం చూసింది.

"లేదమ్మాయ్. సాయంత్రం టైల్సు దిగుతాయి. బాత్రూమువి పడగ్గదికీ, పడగ్గదివి వరండాకీ వేయిస్తాడాయన. నేను లేకపోతే కష్టం." చెప్పులేసుకుంటూ, "ఎంత, ఇంకో ఏడాదిన్నరలో అసలు రిటైర్మెంటే వచ్చేస్తుంది. అప్పుడు కాయితం పెట్టక్కర్లేదు, వాళ్లే పంపిస్తారు. తిన్నగా ఇక్కడికే వస్తా. నాకు గది చూసి ఉంచండి" అంది.

మా ఆవిడ నిజంగానే చూసింది. కొత్తపట్నంలో తనకి తెలిసిన టీచరు ద్వారా సముద్రానికి దగ్గర్లో ఒక పెంకుటింటి గది మాట్లాడి ఉంచింది. అది ఆవిడకి చెప్పే అవసరం రాలేదు.

ఎలా పోయిందో పెద్దకర్మ రోజున ఆసుపత్రి ఆయా చెప్పింది. భోజనాలకి ముందు పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఏడుస్తూ చెప్పింది. రాత్రంతా డ్యూటీ చేసి, తెల్లవారాక టేబుల్ మీద చేతులు పెట్టుకుని, చేతుల మీద తల వాల్చిందట. "పడుకుందనుకున్నామయ్యా. పాపం ఆయమ్మకి ఇంటికాడ నిద్రుండదు, ఎప్పుడూ ఏదో పని నడుస్తానే ఉంటది. కాసేపు పడుకోనిద్దామని నేనే తలుపు దగ్గరికేశా. పగటి డ్యూటీ వాళ్లొచ్చినా లేపబుద్ధి కాలేదు. డాక్టరు గారొచ్చి చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది." లేపినా బతికేది కాదని డాక్టరు అన్నాడట. ఆ మాటని ఆయా నాకు మళ్లీ మళ్లీ చెప్పింది, నేనూ ఔనంటే తప్ప ఆమెకి ఊరట లేనట్టు. ఔనన్నాను.

బంతిలోంచి సగంలో లేవడం మర్యాద కాదని చివరిదాకా కూర్చున్నాను. చెయ్యి కడుక్కుంటుంటే ఇంటాయన వచ్చాడు. చిక్కిపోయాడు. నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి దొంగ ఏడుపులు కావు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. పడగ్గదిలోకి తీసుకెళ్లి దండ వేసిన ఫోటో చూపించాడు. ఫోటో మేకు కొట్టింది ఆ బీట పక్కనే. పొడుగాటి ప్లాస్టరు మధ్యలో తెగి, రెండు కొసలూ రెండు వైపులా వేలాడుతున్నాయి.

అక్కణ్ణుంచి ఇంటి వెనక్కి తీసుకెళ్లాడు. ప్రహరీ పక్కన రెండు ట్రక్కుల ఇసుక పోసి ఉంది. ఇంకా కడతాడా!

"పైకి కాదు మాస్టారూ" అన్నాడు నా మొహం చూసి. "చుట్టూ కందకం తీయించి ఇసుక కూరిస్తున్నా. ఆ ట్యాంకు కూడా దింపించేస్తా. సర్వీసులో ఉండగా పోయింది కాబట్టి ఆవిడ డబ్బులు కాస్త త్వరగానే వస్తాయన్నారు. ఒక్కసారి చేయించేస్తే మళ్లీ చెయ్యి పెట్టే పనుండదు."

"ఎన్నాళ్లు పడుతుందండీ ఈ పని?"

"ఎంతండీ, ఓ వారం."

నాకు కోపం తొందరగా వస్తుంది. చావు ఇల్లు అని కూడా చూడకుండా అనేశాను. "ఈ వారం పని ఆ రోజే చేయించి ఉంటే ఆవిడ ఎప్పుడో కాయితం పెట్టేది కదండీ. కొత్తపట్నంలో పడుకుని నిద్రపోయేది కదా. మీకు తెలియంది కాదే ఇది!"

ఆయన నొచ్చుకోలేదు. ఎంతో మెత్తగా, నాకు అర్థమయ్యేలా విడమర్చి చెప్పాడు.

"అప్పుడంటే నెలనెలా ఆవిడ జీతం వచ్చేది కదా మాస్టారూ. పగిలినప్పుడల్లా పూయించుకునేవాళ్లం. ఇప్పుడెవరున్నారు?"